అమ్మకమునకు పెట్టిన యింట దీపము

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 2022లో విడివడి, తిరుపతి వేరు జిల్లా యయ్యెను. ఉద్యోగము తిరుపతికి మారిన భక్తుడొకడు చిత్తూరులో తాతనాటి యిల్లు అమ్మదలచెననుకొనుడు. బేరము కుదురువరకు కుటుంబము అందే యుండవలెనా, తాళము వేసి తరలవలెనా?

“దీపము లేని యిల్లు పాడగును, ఉందము” అని తల్లి యనును. “బేరగాండ్రు వచ్చిపోవు చోట కాపురమెట్లు?” అని భార్య యనును. ఇరువురి మాటయందును న్యాయము కలదు. మనుష్యులున్న యింట చెదలు, కురియు కప్పు వెంటనే కంటబడును. కాని మమకారము మిక్కుటమైనచో ఏదో నెపమున బేరము చెడును. లేదా గోడబీటకు బీరువా అడ్డు వచ్చును.

కొనువాడు సామాన్యముగా కనిపెట్టజాలని లోపమును అమ్మువాడు తెలుపవలెననియు, ఒప్పందము మొదలు స్వాధీనపరచువరకు ఆస్తిని జాగ్రత్తగా కాపాడవలెననియు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము విధించుచున్నది. 12వ శతాబ్దమునందే శరణులు సత్యశుద్ధ కాయకమును బోధించిరి.

కావున పరుల నిక్షేపమును కాపాడువానివలె నుండగలిగినచో ఉండుటే మేలు. ఉండలేనిచో ముందే తరలుట మేలు. తల్లి దిగులు పడనక్కరలేదు. ఇష్టలింగము గోడగూటిలో లేదు, ఆమె యురముననే యున్నది. బసవేశ్వరుడును కల్యాణమును వీడి కూడలసంగమమునకు తరలెను గదా!

తాళపుచెవి అప్పగించునాడు ఇల్లూడ్చి, వాకిట ముగ్గిడి, పాలు పొంగించుకొన వచ్చువారి క్షేమము కోరి వెడలుటయు దాసోహమే.