పదిమంది తోటలో పూజాపుష్పము

విశాఖపట్టణమునకు ఉత్తరమున, జాతీయ రహదారిపై ఆనందపురము కలదు. ఇక్కడి పూలమార్కెట్టు ఆ ప్రాంతమున పేరుపొందినది. చుట్టుపట్ల పల్లెల రైతులు పెంచిన బంతి, చేమంతి, మల్లె ఇక్కడకు చేరును. మార్కెట్టులో పూవు వెనుక ఒక మనిషి శ్రమ కంటికి కనబడును. నగరపు పార్కులో అది కనబడదు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరము దాటినప్పుడు, గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి విశాఖ పచ్చదనము ఒక్క దినమున నేలకొరిగినది. వీధులలోను, పార్కులలోను, కంబాలకొండ అడవిలోను చెట్లు కూలినవి. అటుపిమ్మట మరల మొక్కలు నాటిరి. 2016లో పాత కారాగారపు స్థలమున సెంట్రల్ పార్కు వెలసినది. కూలుటకు ఒక పూట చాలినది, నిలబెట్టుట ఏండ్ల పని. గోతులు త్రవ్వినవారు, నీరు పోసినవారు, మేకలను తోలినవారు ఏ శిలాఫలకముపైనను ఉండరు.

ఇట్లు ప్రాణము పోసుకొన్న ఏ తోటలోనైనను వేకువజామున ఒక దృశ్యము కానవచ్చును. చేత సజ్జ, కొక్కెముగల కర్ర. భక్తుడు గన్నేరు కొమ్మను వంచి మొగ్గలతోసహా దూసుకొనును. అడిగినచో "దేవునికే గదా!" యనును. ఆ మాటకు ఎదురు చెప్పు ధైర్యము తోటమాలికి ఉండదు.

భక్తుని వాదము తేలికగా తోసివేయదగినది కాదు. తోట అందరిది, పన్ను తానును కట్టుచున్నాడు, సాయంకాలమునకు ఎట్లును వాడిపోవు పూవు కరస్థలమందలి లింగమును చేరినచో తప్పేమి?

అందరిది యనగా 'నాది కూడ' అని అర్థమే కాని 'నాదే' యని కాదు. ఐదు గంటలకు వచ్చినవానికి పూవులు, ఏడు గంటలకు వచ్చిన వృద్ధునికి, బడిపిల్లకు బోడికొమ్మలు, ఇదేమి పంపకము? పైగా బసవేశ్వరుని మార్గమున కాయకము ముందు, దాసోహము తరువాత. స్వశ్రమచే లభించినదే సమర్పణకు అర్హము. తాను చెంబెడు నీరు పోయని చెట్టు పూవును తెచ్చి "సమర్పించితిని" అనుట, పరులు వండిన అన్నమును వడ్డించి అన్నదాత ననిపించుకొనుట వంటిది. కాయకము తోటమాలిది, పుణ్యము సజ్జవానిదా?

పారిజాతము సంగతి వేరు. అది తనంతట రాలును. నేలనుండి ఏరుకొన్నను పూజకు తగునని పెద్దలు అంగీకరించిరి. చెట్టు ఇచ్చినది వేరు, మనము లాగుకొన్నది వేరు.

కొనలేని పేదకు పూజ లేదా యని ఎవరైన అడుగవచ్చును. బరువైన ప్రశ్నయే. అయితే విభూతితో, ఒక్క పత్రితో చేసిన పూజకు లోటు లేదు. మరియొక మాట: పెద్ద సజ్జలతో వచ్చువారిలో పేదలు అరుదు.

పాడుపడిన పార్కును బాగుచేయ బూనిన సంఘములు, మఠములు ఈ సంగతిని మొక్క నాటకముందే తేల్చుకొనవలెను. గోడవెంబడి ఒక వరుస నందివర్ధనము, రెండు మారేడు మొక్కలు పూజకొరకని విడువవచ్చును. కాని వైశాఖపుటెండలలో ఆ వరుసకు నీరు మోసినవారే అందులో కోయవలెను. తీరపు ఉప్పుగాలిలో లేతమొక్క తొలి రెండు వేసవులు గట్టెక్కుటయే కష్టము. మారేడు ఎదిగి పత్రి ఇచ్చుటకు మరికొన్ని ఏండ్లు పట్టును. అంతవరకు సజ్జ ఖాళీగా ఇంటికి పోవలసియుండును, లేదా ఆనందపురపు పూలు అమ్ము అంగడివద్ద ఆగవలసియుండును.