ఊసరవెల్లి పెంపకం: దయా, బాకీయా?

ఊసరవెల్లి పేరును మనం తిట్టుగా వాడినంత తరచుగా జంతువు పేరుగా వాడము. పార్టీ మార్చినవాడు ఊసరవెల్లి. సభలో ఒక మాటా, సంతకం పెట్టేటప్పుడు ఇంకొక మాటా చెప్పేవాడు ఊసరవెల్లి. మన వ్యాసాల్లోనూ ఉపన్యాసాల్లోనూ ఈ పోలిక అరిగిపోయింది. శాస్త్రం చెప్పేది వేరు. చుట్టూ వున్న రంగులో కలిసి దాక్కోవడానికే అది రంగు మారుస్తుందన్న నమ్మకం సగం నిజం మాత్రమే. వేడి కావలసినప్పుడు అది నల్లబడుతుంది. ఎదుట మరొక మగది కనబడితే మెరుస్తుంది. పోరులో ఓడితే నల్లబడుతుంది. భయపడితే రంగు ముదురుతుంది. చర్మకణాల్లో అతి సూక్ష్మమైన గ్వానైన్ స్ఫటికాలున్నాయనీ, వాటి మధ్య ఎడం మారినప్పుడు రంగు మారుతుందనీ 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వివరించారు. వంచనకు గుర్తుగా మనం పెట్టుకున్న ప్రాణి తన లోపలి స్థితిని చాలామట్టుకు ఒంటి మీదనే రాసుకు తిరుగుతుందన్నమాట.

అమెరికాలోనూ ఐరోపాలోనూ ఈ ప్రాణిని ఇళ్లలో పంజరాల్లో పెంచే అలవాటు వున్నది. ఎక్కువగా పెంచేవి యెమెన్, సౌదీ అరేబియాలకు చెందిన వెయిల్డ్ జాతి, మడగాస్కర్‌కు చెందిన పాంథర్ జాతి. ఇంటర్మీడియేట్‌లో నా దగ్గర తెలుగు చదివి, తరవాత ఇంజనీరై అమెరికా చేరిన ఒక కుర్రవాడు వెయిల్డ్ జాతి ఆడదానిని పెంచుతున్నాడు. దాని పోషణకు తాను పాటించే నియమాలన్నీ వివరంగా రాసి, చివర ఒక ప్రశ్న వేశాడు: "దానికి ఏ లోటూ రానివ్వడం లేదు. అడవిలో కంటె ఇక్కడే సుఖంగా వున్నది. ఇందులో తప్పేముంది మాస్టారూ?"

ఇది తేలికగా తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. మంచి యజమానులందరూ చరిత్రలో వేసిన ప్రశ్న ఇదే. పాలేరుకు కడుపునిండా పెట్టిన భూస్వామీ ఇదే అడిగాడు. కనుక జవాబు చెప్పేముందు ఆ "లోటు రానివ్వకపోవడం" అన్నదానిలో ఏమేమి యిమిడి వున్నదో పరిశీలించాలి. నీతిని గురించి వాదించేవారు చాలామంది పదార్థాన్ని వదిలి భావాన్ని పట్టుకుంటారు. నేను దీపంతోనూ నీటితోనూ మొదలుపెడతాను.

ఊసరవెల్లికి ఎండ కావాలి. గాజు కిటికీలోంచి వచ్చే ఎండ చాలదు. అతినీలలోహిత కిరణాల్లో దానికి అవసరమైన భాగాన్ని గాజు ఆపేస్తుంది. ఆ కిరణాలు లేనిదే చర్మంలో డి విటమిన్ తయారు కాదు. డి విటమిన్ లేనిదే తిన్న కాల్షియం ఎముకకు పట్టదు. ఎముకలు మెత్తబడి, కాళ్లు వంకరపోయి, దవడ రబ్బరులా వంగి, చివరికి పురుగు మీదికి నాలుక విసరలేని స్థితి వస్తుంది. అందుచేత ఆ కిరణాలిచ్చే ప్రత్యేక దీపాన్ని రోజుకు పన్నెండు గంటలు వెలిగించాలి. దానితోపాటు ఎండకాగడానికి 30 డిగ్రీల సెల్సియస్‌కు అటూ యిటూగా వేడిగా వుండే ఒక కొమ్మ, రాత్రికి చల్లదనం, చీకటి వుండాలి. ఆ దీపం మన కంటికి ఏళ్ల తరబడి వెలుగుతూనే కనబడుతుంది గాని, ఆరు నెలలకో ఏడాదికో అందులోని అసలు కిరణాలు సన్నగిల్లుతాయి. వెలుతురున్నది గదా అని తృప్తి పడినవాడి పంజరంలో ప్రాణి ఎముకలు కరుగుతూ వుంటాయి.

గిన్నెలో పోసిన నీరు దానికి నీరుగా తోచదు. ఆకుల మీద మెరిసే బొట్లనే అది నాలుకతో అందుకుంటుంది. కాబట్టి రోజూ ఆకుల మీద తుంపర చల్లాలి, బొట్టుబొట్టుగా నీరు పడే ఏర్పాటు చెయ్యాలి. విసర్జనలో తెల్లగా వుండవలసిన భాగం పసుపూ నారింజా రంగుకు తిరిగితే దాహంతో వున్నదని అర్థం. గాలి ఆడకపోతే ఆ తడే ఊపిరితిత్తులకు జబ్బు తెస్తుంది. అందుకే అద్దాల పెట్టె పనికిరాదు. నాలుగడుగుల ఎత్తూ, రెండేసి అడుగుల వెడల్పూ లోతూ గల జాలీ పంజరం, అందులో మందార వంటి బతికిన మొక్కా కావాలి. ఒక పంజరంలో ఒక్కటే వుండాలి. రెండోదాని రూపం కనబడినా చాలు, అది కుంగుతుంది. అద్దంలో తన నీడ చూసినా అంతే.

తిండి సంగతి మరీ చిక్కు. వేసే చిమ్మెటలు ముందుగా ఆకుకూరలు తిని పుష్టిగా వుండాలి. వాటి మీద కాల్షియం పొడి చల్లాలి. విటమిన్ ఎ తగ్గితే కళ్లు వాస్తాయి, ఎక్కువైనా ప్రమాదమే. ఇక ఆడదాని విషయం. మగది లేకపోయినా అది గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి తడి ఇసుక దొరకకపోతే గుడ్లు లోపలే నిలిచిపోయి ప్రాణం తీస్తాయి. విస్తారంగా మేపి, వేడి ఎక్కువగా యిస్తే ఒక్క విడతలో యాభై అరవై గుడ్లకు పైగా పెట్టి ఒళ్లు గుల్ల చేసుకుంటుంది. అందుకే అనుభవజ్ఞులు ఎదిగిన ఆడదానికి మేతా వేడీ రెండూ తగ్గిస్తారు. కడుపునిండా పెట్టడమే ప్రేమ అనే మన ఇళ్ల నమ్మకం ఇక్కడ హత్యకు దారితీస్తుంది.

ఇప్పుడు ఈ నియమాలను మరొకసారి చదవండి. దీపం దేనికి బదులు? సూర్యుడికి. తుంపర దేనికి బదులు? మంచుకూ వానకూ. కుండీ చెట్టుకు బదులు, ఇసుక డబ్బా నేలకు బదులు, పొడి నానా రకాల పురుగులకు బదులు. పోషణ నియమాల పట్టిక అని మనం పిలిచేది నిజానికి జప్తు జాబితా. ఏమేమి లాక్కున్నామో అందులో వరుసగా రాసి వున్నది. వాటిలో కొన్నిటిని యజమాని వాయిదాల మీద తిరిగి చెల్లిస్తున్నాడు. చెల్లింపును దానమని పిలవడంలోనే వున్నది అసలు మోసం.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు. నేడు పెంచేవాటిలో అధికభాగం పంజరాల్లోనే పుట్టినవి. వాటి దగ్గర మనం లాక్కున్నదేమిటి అంటారు. పుట్టింది పంజరంలో కావచ్చును గాని, శరీరం తయారైంది పంజరంలో కాదు. ఆ చర్మం అడిగేది లక్షల ఏళ్లుగా తనను మలిచిన ఎండనే. గాజుపెట్టెలో పుట్టిన పిల్ల కూడా గిన్నె నీటిని గుర్తించదు, ఆకు మీది బొట్టునే వెతుకుతుంది. పుట్టుక చోటు మార్చినంతమాత్రాన బాకీ రద్దు కాదు. పాము, డేగ భయం లేదు గదా అనేది మరొక వాదం. నిజమే. కాని చేత్తో పట్టుకోగానే నల్లబడే ప్రాణికి, రోజూ తలుపు తెరుచుకుని లోపలికి వచ్చే ఆ చెయ్యి ఏమని తోస్తుందో ఆలోచించాలి. మచ్చికైన ఊసరవెల్లి కూడా మనల్ని సహించగలదేమో గాని, కోరదు.

అయితే వదిలెయ్యడమే ధర్మమా? ఆవేశం అలాగే చెప్తుంది, వాస్తవం కాదంటుంది. 1972లో హవాయిలో ఒక వ్యాపారి తన ఆవరణలో వదిలిన తూర్పు ఆఫ్రికా జాక్సన్ జాతి ఊసరవెల్లులు దీవుల్లో పాతుకుపోయి, అక్కడి పురుగులనూ నత్తలనూ తింటున్నాయి. ఫ్లోరిడాలో వెయిల్డ్ జాతి సంగతీ ఇంతే. చలిదేశంలో వదిలితే అది చస్తుంది. వెచ్చని దేశంలో వదిలితే యితరులను చంపుతుంది. బాకీపడ్డవాడు అప్పుపత్రం చించేసి విముక్తి అని ప్రకటించుకుంటే సరిపోదు.

కనుక నాకు కనబడే కర్తవ్యాలు రెండు. మొదటిది, కొత్త బాకీ చెయ్యకపోవడం. అడవిలో పట్టేది బీద పల్లెవాడు, లాభం తినేది దూరపు వర్తకుడు, ప్రయాణంలో చచ్చేది ప్రాణి. 1990ల నడుమ మడగాస్కర్ నుంచి నాలుగు జాతులు తప్ప మిగిలిన ఊసరవెల్లుల ఎగుమతి ఆపవలసి వచ్చిందంటే ఆ వ్యాపారం ఏ స్థాయికి పోయిందో ఊహించవచ్చు. మన పొలాల గట్ల మీది చెట్లలో బతికే జాతిని పట్టడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దాని మీద మన పిల్లలు రాళ్లు రువ్వకుండా చూడటమే మనం చెయ్యదగిన పోషణ.

రెండవది, ఇప్పటికే చేతిలో వున్న ప్రాణికి చివరిదాకా చెల్లించడం. ఈ చెల్లింపు ప్రేమ రూపంలో చెల్లదు. జ్ఞానం రూపంలోనే చెల్లుతుంది. దీపం మార్చవలసిన తేదీ తెలియాలి. పగలు కళ్లు మూసుకుని వున్నదంటే నిద్ర కాదు, జబ్బని తెలియాలి. భయాన్ని రంగులో చూపే ఈ ప్రాణి, నెమ్మదిగా తినేసే రోగాన్ని మాత్రం కొమ్మ మీంచి జారిపడేదాకా దాచుకుంటుంది. అడవిలో నీరసం కనబడనివ్వడం చావును పిలవడమే గనుక అది నేర్చిన విద్య అది. కాబట్టి రోజూ చూసేవాడు, తూచేవాడు, రాసుకునేవాడు కావాలి; సరీసృపాల వైద్యం తెలిసిన డాక్టరు అందుబాటులో వుండాలి.

ఆ కుర్రవాడికి ఇదే రాశాను: నియమాలన్నీ పాటించు, ఒక్కటీ వదలకు. ఇసుక డబ్బా లోతుగా పెట్టు. అది పోయాక మరొకదాన్ని కొనకు. లోటు రానివ్వడం లేదని మాత్రం అనకు. లోటు వున్నది గనుకనే ఇంత శ్రమ అవసరమైంది.