పిత్రార్జితము - అనుదిన ఆహారము



మట్టెవాడలో ఒక ఆదివారం పిల్లలకు సత్యోపదేశం చెబుతుండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. పిల్లల ధ్యాస పాఠం మీద నుండి కరెంటు మీదికి మళ్ళింది. "కరెంటు ఎక్కడి నుండి వస్తుంది ఫాదర్?" అని ఒక పాప అడిగింది. "భూపాలపల్లి బొగ్గు నుండి" అని నాకంటే ముందే ఒక పిల్లవాడు జవాబు చెప్పాడు. వాడి తాతగారు సింగరేణిలో పనిచేసి రిటైరైనవారు. కొంచెం ఆగి వాడే నన్ను అడిగాడు: "బొగ్గంతా అయిపోతే దేవుడు మళ్ళీ ఇస్తాడా ఫాదర్?"

ఆనాడు ఏదో చెప్పి దాటవేశాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను విడిచిపెట్టలేదు.

పిల్లవాడు చెప్పినదానిలో నిజం ఉంది. భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. రెండూ బొగ్గుతోనే నడుస్తాయి. గోదావరి లోయలోని ఈ బొగ్గు సుమారు 25 కోట్ల సంవత్సరాలకు పూర్వపు అడవి. ఎండతో పెరిగిన ఆ చెట్లు నేలకూలి, బురద కింద పూడిపోయి, బరువుకూ వేడికీ బొగ్గుగా మారాయి. అంటే బొగ్గు కూడా ఒకనాటి సూర్యకాంతే. సృష్టికర్త నేలలో దాచిపెట్టిన మూట. ఇల్లెందు ప్రాంతంలో 1889లో తవ్వకం మొదలైంది. కోట్ల ఏండ్లు కూడినదానిని కొద్ది తరాలలోనే కాల్చివేస్తున్నాము. అది మళ్ళీ తయారయ్యేదాకా కనిపెట్టుకొని ఉండడం మానవజాతికి సాధ్యం కాదు.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని చిన్న కుమారుని తలచుకోండి. తండ్రి నుండి తన వాటా తీసుకొని దూరదేశం వెళ్ళాడు. అది దొంగసొమ్ము కాదు, తండ్రి చేతులారా పంచి ఇచ్చినదే. కానీ తరతరాలకు ఉండవలసిన ఆస్తిని రోజువారీ ఖర్చు చేసుకున్నాడు. అది అయిపోయాక కరువు వచ్చింది. బొగ్గు, పెట్రోలు, గ్యాసు మన పిత్రార్జితం. ఎండ, గాలి, పారే నీరు తండ్రి ఇంట్లో రోజూ వడ్డించే అన్నం వంటివి. ఈరోజు ఎండను వాడుకున్నంత మాత్రాన రేపటి ఎండ తరగదు.

అలాగని నేను బొగ్గును నిందించడం లేదు. ఆ పిల్లవాని తాతగారు పూజానంతరం నాతో, "ఆ బొగ్గే మా పిల్లలను చదివించింది ఫాదర్" అన్నారు. నిజమే. మన ఇండ్లలో వెలిగిన దీపం వెనుక గని కార్మికుని చెమట ఉంది. రేపు గనులు మూతపడే రోజు వస్తే ఆ కుటుంబాలకు వేరే పని చూపించకపోవడం అన్యాయం.

సౌరశక్తికీ ఇబ్బందులు ఉన్నాయి. ఎడారిలో మన్నా కురిసినప్పుడు, రాత్రికి దాచుకున్నది పాడైపోయిందని నిర్గమకాండం చెబుతుంది. ఎండ కూడా అటువంటిదే. రామగుండంలో ఎన్.టి.పి.సి. వారి 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం పక్కనే, జలాశయం నీటిపై తేలియాడే 100 మెగావాట్ల సౌర కేంద్రం 2022లో పూర్తయింది. పొద్దుగూకితే దాని పని ఆగిపోతుంది. రాత్రికి కావాలంటే బ్యాటరీలు ఉండాలి, లేదా నీటిని పైకి ఎక్కించి నిలవచేసి మళ్ళీ వదలాలి. నాగార్జునసాగర్ లోనూ శ్రీశైలం ఎడమగట్టునా అటువంటి యంత్రాలు ఉన్నాయి. ఇదంతా ఖర్చుతో కూడిన పని. పైగా అనుదిన ఆహారాన్ని కూడా పాడుచేసుకోవచ్చు. పెరిగే వేగాన్ని మించి నరికితే అడవి తరిగిపోతుంది. పూడిక తీయని చెరువులో వాన కురిసినా నీరు నిలవదు.

మానవుడు వస్తువులను సొంతంగా సంపాదించి నిర్వహించుకోవచ్చుననీ, వాడకంలో మాత్రం వాటిని అందరివిగా ఎంచాలనీ పునీత తోమాసు అక్వీనాసుగారు బోధించారు. ఆ 'అందరి'లో ఇంకా పుట్టని బిడ్డలు లేరా? దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో బొగ్గు, చమురుల వాడకాన్ని ఆలస్యం లేకుండా క్రమక్రమంగా మార్చుకోవాలని కోరారు. ఆ మార్పు పూర్తయ్యేలోగా తక్కువ హాని చేసేదానిని ఎంచుకోవడం తప్పు కాదని కూడా అన్నారు.

మరి మనమేమి చేద్దాం? సొంత డాబా ఉన్నవారు సౌర పలకల గురించి ఆలోచించండి. 2024లో మొదలైన సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు సబ్సిడీ ప్రకటించింది. అద్దె ఇంట్లో ఉన్నవారికి కప్పు తమది కాదు, వారిని నొప్పించకండి. ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాను కట్టేయడం అందరికీ సాధ్యమే. దేవాలయంలో మొదట నేనే ఆ పని చేయాలి. ఖాళీ బల్లల మీద ఫ్యాన్లు తిరుగుతుంటే చూసి ఊరుకున్న రోజులు నాకూ ఉన్నాయి.

ఇక ఆ పిల్లవానికి బాకీపడిన జవాబు. బాబూ, అయిపోయిన బొగ్గును దేవుడు మన కళ్ళ ముందు మళ్ళీ ఇవ్వడు. కానీ చిన్న కుమారుని ఆస్తి అయిపోయిందే తప్ప తండ్రి ఇల్లు అయిపోలేదు. అక్కడ కూలివారికి కూడా కడుపునిండా అన్నం ఉంది. ఆ సంగతి అతనికి కరువులో పడ్డాక గుర్తుకు వచ్చింది. మనకు మూటలో ఇంకా కొంత మిగిలి ఉండగానే గుర్తుకు రావాలని ప్రార్థిద్దాం.