రాసిన చేయి, గుర్తు పెట్టిన చేయి

బడి విడిచిపెట్టాక కూడా మన పని అయిపోదు. ఎండ తగ్గేసరికి వరండాలో ఒక తాతో, ఒక అవ్వో వచ్చి కూర్చొని ఉంటారు. తువాలులోనో కొంగు ముడిలోనో మడతపెట్టిన కాగితం ఉంటుంది. "ఇదేందో చూడు సారూ" అంటారు. ఏజెన్సీ ఊళ్లలో పనిచేసే ఉపాధ్యాయులందరికీ ఇది తెలిసిన పనే. కాగితం చదివి చెప్తాం. అర్జీ రాసిపెడతాం. చివర్లో బొటనవేలు పట్టి సిరా అద్ది వేలిముద్ర వేయిస్తాం. చదివించుకొని, విని, ఒప్పుకొని వేసిన నిశాని అని కింద ఒక వాక్యం రాస్తాం. ఆ క్షణం నుంచి ఆ కాగితంలో ఉన్నదంతా ఆ తాత మాట అయిపోతుంది.

నిజంగా అది ఆయన మాటేనా? చదువురాని మనిషి పెట్టిన గుర్తు ఆ మనిషిని ఎంతవరకు కట్టిపడేస్తుంది? రాసినవాడికి అందులో ఎంత బాధ్యత ఉంది? మన ఊళ్ల సంగతి ఎత్తుకొని ఈ ప్రశ్న అడిగితే వెంటనే ఫలానా ఆఫీసు, ఫలానా మనిషి అని వాదం మొదలవుతుంది, ప్రశ్న పక్కకు పోతుంది. అందుకని దాదాపు ఆరు వందల ఏళ్ల కింద, ఫ్రాన్సు దేశంలో జరిగిన ఒక సంగతి తీసుకుందాం. దూరం నుంచి చూస్తే కొన్ని విషయాలు తేటగా కనిపిస్తాయి.

జోన్ ఆఫ్ ఆర్క్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడో ఒకసారి తగిలే ఉంటుంది. గుర్రం మీద, ఇనప కవచంతో, జెండా పట్టుకున్న బొమ్మ గుర్తుంటుంది. ఆమె సుమారు 1412లో డోంరెమీ అనే చిన్న పల్లెలో రైతు ఇంట్లో పుట్టింది. నూలు వడకడం, కుట్టుపని, ప్రార్థనలు తల్లి ఇసబెల్ దగ్గర నేర్చుకుంది. చదువు నేర్వలేదు. అప్పటికి ఎన్నో దశాబ్దాలుగా ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ యుద్ధం నడుస్తోంది. దేవుని మాట తనకు వినిపిస్తోందని చెప్పి, 1429లో ఆ పిల్ల ఫ్రెంచి యువరాజు దగ్గరకు వెళ్లింది. ఆ ఏడు మే 8న ఓర్లెయాన్ పట్టణం ముట్టడి తొలగింది. జూలై 17న రీమ్స్ నగరంలో యువరాజు ఏడవ చార్లెస్‌గా కిరీటం పెట్టుకున్నాడు. మరుసటి ఏడు మే 23న కొంపియేన్ దగ్గర ఆమె పట్టుబడింది. పట్టుకున్నవారు పదివేల లివ్రల సొమ్ముకు ఆమెను ఇంగ్లీషువారికి అప్పగించారు. ఆమె వల్ల రాజైనవాడు ఆమెను విడిపించుకోలేదు.

1431లో రువాన్ నగరంలో ఆమె మీద మత విచారణ జరిగింది. ముఖ్య న్యాయమూర్తి బిషప్ పియెర్ కొషాన్, ఇంగ్లీషువారి పక్షం మనిషి. ఆయన చుట్టూ మతశాస్త్రం చదివిన పండితులు పదుల సంఖ్యలో కూర్చున్నారు. ఎదురుగా పంతొమ్మిదేళ్ల పిల్ల ఒక్కతే. ఆమె తరఫున మాట్లాడేవారు లేరు. మత న్యాయస్థానం ఖైదీ అయితే చర్చి జైలులో ఉంచాలి. కానీ ఆమెను కోటలో, సంకెళ్లతో, ఇంగ్లీషు సైనికుల కాపలాలో ఉంచారు.

అక్షరం రాకపోవడం వేరు, తెలివి లేకపోవడం వేరు. ఈ తేడా తెలియాలంటే ఆ విచారణ చూడాలి. నీ మీద దేవుని కృప ఉందని నీకు తెలుసా అని ఆమెను అడిగారు. ఉందంటే అహంకారం అంటారు, లేదంటే నేరం ఒప్పుకున్నట్టు అవుతుంది. లేకపోతే దేవుడు నాకు ఇవ్వుగాక, ఉంటే నిలుపుగాక అనే అర్థం వచ్చేలా ఆమె జవాబు చెప్పింది. అడిగినవాళ్లు నిర్ఘాంతపోయారని అక్కడ రాసుకుంటున్న లేఖకుడు ఒకరు తర్వాత చెప్పాడు. మన పెద్దల పంచాయితీలో కూర్చున్నవారికి ఇలాంటి జవాబు కొత్త కాదు. సంతకం రాని నోటి నుంచి ఎంత లెక్కగా మాట వస్తుందో మనకు తెలుసు.

ఇక అసలు సంగతి. మే 24న ఆమెను సెయింట్ ఊయెన్ మఠం శ్మశానానికి తెచ్చి, జనం ముందు వేదిక మీద నిలబెట్టారు. ఒప్పుకోకపోతే మంటల్లో వేస్తామన్నారు. తప్పు ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం చదివి వినిపించి, గుర్తు పెట్టమన్నారు. ఆమె పెట్టింది. నవ్వుతూ పెట్టిందని చూసినవారు చెప్పారు. గుండ్రంగా గీసిందని ఒకరు, సిలువ గుర్తు పెట్టిందని ఒకరు చెప్పారు.

కోర్టు దస్త్రంలో ఇప్పటికీ ఆ ఒప్పుకోలు కాగితం ఉంది. చాలా పొడవైనది. దేవతల మాటలు విన్నానని అబద్ధమాడాననీ, ఇంకా ఎన్నో నేరాలు చేశాననీ అందులో ఉంది. కానీ ఆ రోజు ఆమె పక్కనే నిలబడిన కోర్టు ఉద్యోగి జాన్ మాస్యూ, ఏళ్ల తర్వాత ప్రమాణం చేసి మరో మాట చెప్పాడు. తాను చదివి వినిపించిన కాగితం ఎనిమిది వరుసలకు మించి లేదని, దస్త్రంలో ఉన్నది అది కాదని అన్నాడు. చిన్న కాగితమేనని మరికొందరు సాక్షులు కూడా చెప్పారు.

నాలుగు రోజుల తర్వాత న్యాయమూర్తులు జైలుకు వచ్చినప్పుడు జోన్ చెప్పిన మాట ఆ దస్త్రంలోనే ఉంది. మంటకు భయపడి ఒప్పుకున్నానని, ఆ కాగితంలో ఏముందో తనకు అర్థం కాలేదని ఆమె చెప్పింది. ఆ మాటతో ఆమెకు ఇక క్షమాపణ లేదన్నారు. మే 30న రువాన్ పాత సంత వీధిలో ఆమెను సజీవంగా కాల్చి, బూడిదను సీన్ నదిలో కలిపారు.

ఇక్కడ ఒక వాదం వస్తుంది. ఎవరూ ఆమె చేయి నరకలేదు కదా, గుర్తు తానే పెట్టింది కదా, పెట్టిన గుర్తుకు కట్టుబడాలి కదా అని. ఈ వాదాన్ని తేలిగ్గా తోసేయకూడదు. మాటకు కట్టుబడడం మన తెగల్లోనూ పెద్ద విలువే. కుల పెద్దల ముందు ఇచ్చిన మాట తప్పితే ఊళ్లో తలెత్తుకోలేం. కానీ మన పెద్దలు మాట తీసుకునే తీరు చూడండి. అందరూ వినేలా, అందరికీ తెలిసిన భాషలో, ఒకటికి రెండుసార్లు అడిగి తీసుకుంటారు. నాకు సమ్మతం లేదు అని లేచిపోయే దారి తెరిచి ఉంచుతారు. ఆ దారి లేనిచోట, చెప్పింది ఒకటి రాసింది ఒకటి అయినచోట, అక్కడ మాటే పుట్టలేదు. పుట్టని మాటకు ఎవరు కట్టుబడాలి?

సరే, చదువొస్తే చాలదా అని యువకులు అడుగుతారు. దీనికి కూడా ఆ శతాబ్దమే జవాబు చెప్తుంది. అంతకు 16 ఏళ్ల ముందు, 1415 జూలై 6న, కాన్‌స్టాన్స్ నగరంలో యాన్ హుస్ అనే బోధకుడిని ఇలాగే కాల్చారు. ఆయన చదువురానివాడు కాదు. ప్రాగ్ విశ్వవిద్యాలయానికి అధిపతిగా పనిచేసినవాడు. తన ప్రజల భాష అయిన చెక్‌లో బోధించినవాడు. ఆయనకు ఏ హానీ జరగదని సిగిస్మండ్ రాజు ఇచ్చిన అభయపత్రం ఉంది. అయినా మత సభకు వచ్చిన కొద్ది వారాలకే ఆయనను బంధించారు. ఆ పత్రం ఆయనను కాపాడలేదు. చదువురాని జోన్‌ను తాను చదవని కాగితం కట్టేసింది. చదువొచ్చిన హుస్‌కు ఇచ్చిన కాగితం మాత్రం ఇచ్చినవారిని కట్టలేకపోయింది. ఇద్దరి విషయంలోనూ కాగితం బలమున్నవాడు చెప్పినట్టే విన్నది.

జోన్ గురించి ఇంకో చిన్న సంగతి ఉంది. చదవడం రాకపోయినా ఆమె పేరు దిద్దడం నేర్చుకుంది. ఆమె రాయించిన కొన్ని ఉత్తరాల కింద ఆమె పేరుతో సంతకం నేటికీ కనిపిస్తుంది. విచారణలో ఆమె మరో మాట కూడా చెప్పింది. తన వాళ్లకు పంపే ఉత్తరాల్లో కొన్నిసార్లు సిలువ గుర్తు పెట్టించేదాన్నని, ఆ గుర్తు ఉంటే అందులో రాసినట్టు చేయవద్దని అర్థమని చెప్పింది. ఆ రోజు శ్మశానంలో పెట్టిన గుర్తు వెనుక ఆమె మనసులో అదే ఉందేమో, ఎవరూ తేల్చలేరు. మనకు మాత్రం ఇందులో ఒక హెచ్చరిక ఉంది. రాత్రి బడుల్లో పెద్దవాళ్లకు సంతకం నేర్పి, అక్షరాస్యుల లెక్కలో వేసి చేతులు దులుపుకుంటాం. వేలిముద్ర చూసినవాడు వీళ్లకు చదివి చెప్పాలి అని కాస్తయినా ఆగుతాడు. సంతకం చూస్తే ఆ ఆగడం కూడా ఉండదు. చదవడం నేర్పకుండా సంతకం ఒక్కటే నేర్పితే, ఆ మనిషికి ఉన్న చిన్న అడ్డుగోడ కూడా మనమే తీసేసినట్టు.

ఇప్పుడు రాసినవాడి దగ్గరకు వద్దాం. మాకు జోన్ కంటే ఎక్కువగా నిద్రపట్టనివ్వని మనిషి ఇతడే. ఆ కోర్టులో ముఖ్య లేఖకుడి పేరు గియోమ్ మాంషాన్. ప్రశ్నలు, జవాబులు ఫ్రెంచిలో రాసుకునేవాడు. ఆ తర్వాత వాటిని లాటిన్‌లోకి మార్చారు. అంటే ఆ పిల్ల మాట చివరికి ఆ పిల్లకు తెలియని భాషలో నిలిచింది. ఇంట్లో కోయ, కువి, గోండి, సవర మాట్లాడి, తెలుగులో చెప్పుకొని, ఇంగ్లీషులో ఉత్తర్వు అందుకునే మనకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

మాంషాన్ చెడ్డవాడు కాదు. తెర చాటున వేరే మనుషులు కూర్చొని ఆమెకు చేటు చేసే మాటలే రాసుకున్నారని, ఆమె చెప్పుకున్న సమాధానాలు వదిలేశారని, తన రాతను వాళ్ల రాతతో పోల్చినప్పుడు గొడవైందని తర్వాత సాక్ష్యమిచ్చాడు. తేడా వచ్చినచోట అంచున గుర్తు పెట్టి, మళ్లీ అడగాలని పట్టుబట్టాడు. ఆమె చనిపోయాక, చివరి ఉదయం ఆమె ఏదో ఒప్పుకుందని రాసిన కాగితం ఒకటి తెచ్చి సంతకం చేయమంటే, తాను ఆ సమయంలో అక్కడ లేనని చేయలేదు. ఆమె చావు చూశాక నెల రోజులు మనసు కుదుటపడలేదని, విచారణకు వచ్చిన జీతంలో కొంత పెట్టి ఒక చిన్న ప్రార్థన పుస్తకం కొని, ఆమె కోసం ప్రార్థించానని చెప్పాడు.

అయినా అతడు చివరి రోజు వరకూ ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు. జీతం తీసుకున్నాడు. లేచి వెళ్తే ఏమయ్యేది? అతని స్థానంలో ఇంకొకడు కూర్చునేవాడు, బహుశా తెర చాటున కూర్చున్నవాళ్లలో ఒకడు. అప్పుడు ఆమె జవాబులు మనదాకా వచ్చేవి కావు. కూర్చున్నందువల్ల ఆ మాటలు మిగిలాయి, కానీ మనిషి మిగల్లేదు. నిజం రాయడం ఒక్కటే చాలుతుందా? చాలదని మా అభిప్రాయం. కానీ అది కూడా చేయనివాడికి మాంషాన్‌ను తప్పుపట్టే అర్హత లేదని కూడా మా అభిప్రాయం.

ఎందుకంటే ఆ రాతే తర్వాత పనికొచ్చింది. రువాన్ ఫ్రెంచివారి చేతికి వచ్చాక, 1450లో రాజు విచారణ మొదలుపెట్టించాడు. తాను ఒక మంత్రగత్తె వల్ల రాజయ్యాడన్న మచ్చ పోవాలన్నది ఆయన అవసరం, అది మరువకూడదు. 1455 నవంబరు 7న పారిస్‌లోని నోత్రదామ్ చర్చిలో ముసలి ఇసబెల్ నిలబడి తన బిడ్డకు న్యాయం కావాలని అడిగింది. మాంషాన్ తన పాత రాతలను ఆ కోర్టుకు అప్పగించాడు. నూరుమందికి పైగా సాక్ష్యమిచ్చారు. డోంరెమీ పల్లె రైతులు తమతో కలిసి పెరిగిన పిల్ల గురించి చెప్పిన మాటలు మొదటిసారి దస్త్రానికి ఎక్కాయి. 1456 జూలై 7న పాత తీర్పు చెల్లదని ప్రకటించారు. ఆమె పోయి అప్పటికి 25 ఏళ్లు.

అదే కాలంలో జర్మనీలోని మైంజ్ నగరంలో గుటెన్‌బర్గ్ అచ్చు మొదలైంది. అక్కడ బైబిలుతోపాటు, పాపక్షమాపణ పత్రాలు కూడా అచ్చయ్యాయి. పేరు, తేదీ చేత్తో రాసుకోవడానికి వాటిలో ఖాళీలు వదిలారు. మనం రోజూ పూరించే ఫారాలకు అవి తాత ముత్తాతలు. అచ్చు వచ్చాక కాగితాలు వేలల్లో పెరిగాయి. ఖాళీలు పూరించే చేతికి మాత్రం బాధ్యత తగ్గలేదు.

ఇదంతా చెప్పి మా సంగతి దాచుకోవడం న్యాయం కాదు. ఉద్యోగంలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక తాత పోడు భూమి గురించి అర్జీ రాయించుకోవడానికి వచ్చాడు. బస్సుకు ఆలస్యమవుతోంది. గబగబా రాసి వేలు అద్దించాం. "ఏం రాసినవు పిల్లగా?" అని అడిగాడు. "నీ పని అయ్యేటట్టే రాసిన లే తాతా" అన్నాం. ఆయన సాగుచేసే చెలకలు రెండు. మేం ఒకటే రాశాం. సర్వే రోజున రెండోదాని గురించి అడిగితే కాగితంలో లేదన్నారు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తన వేలిముద్ర ఉంది కాబట్టి తప్పు తనదే అనుకున్నాడు. మంచి మనసుతో, తొందరలో, మన చేత్తోనే ఇలాంటివి జరుగుతాయి. దీనికి కొషాన్ అంత చెడ్డవాడు అక్కర్లేదు.

అప్పటి నుంచి ఒక అలవాటు పెట్టుకున్నాం. రాసింది ఇంటి భాషలో చెప్తాం. తర్వాత, "ఇప్పుడు నువ్వు చెప్పు, ఇందులో ఏముంది?" అని ఆ మనిషినే అడుగుతాం. తప్పు చెప్తే మళ్లీ చెప్తాం. సమ్మతం లేకపోతే కాగితం చించేస్తాం. ఒక నకలు ఆ ఇంటికే ఇస్తాం. గ్రామసభ తీర్మానమైనా అంతే. చదివినదీ రాసినదీ ఒకటేనా అని పుస్తకం తిప్పి చూసే పిల్లలు ఇద్దరు ప్రతి ఊళ్లో ఉండాలి. దీనికి సమయం పడుతుంది. కొన్నిసార్లు బస్సు పోతుంది. నడిచి వెళ్తాం.