అడవిలో ఒలికిన రక్తము

చదువవలసిన భాగములు: ఆదికాండము 27:1–33, లేవీయకాండము 17:13, 14

చూపు మందగించిన ఇస్సాకు తన పెద్దకుమారుని పిలిచి, విల్లును అంబులపొదిని తీసికొని వేటకు పొమ్మనెను. అతడు తెచ్చిన మాంసము రుచి చూచిన పిమ్మటనే అతనిని ఆశీర్వదింపవలెనని తండ్రి కోరిక. ఈ అధ్యాయములో 'త్సాయిద్' అను హెబ్రీ మాట మరల మరల వచ్చును. వేట అనియు, వేటలో దొరికిన మాంసమనియు దానికి అర్థము. ఇస్సాకు ఏశావును ఎందుకు ప్రేమించెనో చెప్పు 25:28లో మూలభాష చాల క్లుప్తముగా నున్నది: నోటిలో వేటమాంసము ఉన్నందున, అని మాత్రమే. ఎవరి నోటిలో? తండ్రి నోటిలోనని అనువాదకులు గ్రహించుట న్యాయమే. యూదుల వ్యాఖ్యాతలలో కొందరైతే అది ఏశావు నోరనియు, అతడు మాటలతో తండ్రినే వేటాడెననియు చెప్పిరి. అట్టి వ్యాఖ్యానమును నేను అంగీకరింపను గాని, ఆ యింట వేట అడవితో ఆగిపోలేదనుట మాత్రము నిజము. దొడ్డిలోని మేకపిల్లల మాంసమును తెచ్చిన యాకోబును, ఇంత త్వరగా ఎట్లు దొరికెనని తండ్రి అడుగగా, దేవుడే నా యెదుటికి రప్పించెనని అతడు పలికెను. వేటకు దేవుని పేరు తగిలించుట అంత పాతది.

ఈ సంగతి ఖరగ్‌పూర్‌లోను, అందులో ఇందా పేటలోను కాపురమున్న మన తెలుగు విశ్వాసులకు దూరపు కథ కాదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి రైల్వే పనికి వచ్చి అక్కడ స్థిరపడిన కుటుంబములకు పొరుగువారు సంతాలులు. ఎండకాలము రాగానే జంగల్‌మహల్ అడవులలో విల్లంబులు, ఈటెలు, గొడ్డళ్లు పట్టుకొని స్నేహితులు, బంధువులు గుంపులుగా బయలుదేరుట వారి పూర్వాచారము. వైశాఖ పూర్ణిమకు పురూలియా జిల్లాలోని అయోధ్య కొండలకును, అదే కాలమున జంషెడ్‌పూర్ చెంతనున్న దల్మా కొండలకును వేటకాండ్రు చేరుదురు. ఈ వేటను వారు 'సెంద్ర' యందురు. మన విశాఖ మన్యములోను చైత్రమాసమున ఇటుకల పండుగకు పురుషులు వేటకు పోవుటయు, వట్టి చేతులతో వచ్చినవారిని స్త్రీలు పేడ చల్లి పరిహసించుటయు పెద్దలెరిగినదే.

సంతాలుల వేటకు 'డిహ్రి' అను పూజారి నాయకుడు. వేటదినమును తెలుపుటకు సాలవృక్షపు కొమ్మను సంతలలో చూపించుట వాడుక. అయితే నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది వేట కాదు, వేటదినపు రాత్రి. విండ్లు ప్రక్కన పెట్టి, అలసిన మనుష్యులందరు అడవిలోనే సభగా కూర్చుందురు. సంప్రదాయము చొప్పున సంతాలులకు అదే కడపటి న్యాయస్థానము. గ్రామపెద్దయైన మాంఝీ అన్యాయము చేసెనని పేదవాడు అక్కడ నిలిచి ఫిర్యాదు చేయవచ్చును. పలుగ్రామములకు అధికారియైన పరగణా తీర్పును సహితము ప్రశ్నింపవచ్చును. పగలు మృగమును తరిమినవాడు రాత్రి తన పొరుగువాని యెదుట లెక్క అప్పగింపవలెను. క్రైస్తవ సంఘములలో ఇట్టి సభ ఎన్నింట నున్నది? మన పెద్దల కమిటీలను తలంచుకొని ఈ మాట అడుగుచున్నాను.

ఇప్పుడు రెండవ ప్రక్క చూడవలెను. 2018 మార్చి నెలారంభమున లాల్‌గఢ్ అడవిలో ఒక పెద్దపులి కెమెరాకు చిక్కెను. అటవీశాఖవారు దానిని పట్టుటకు పెట్టిన బోనులు ఫలింపలేదు. ఏప్రిల్ 13వ తేదీన పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని బాఘ్‌ఘోరా అడవిలో అది గాయములతో చచ్చి పడియుండెను. అవి వేట జరుగుచున్న దినములు. ఆచారము పేరిట సాగు వేటను ఆపవలెనని కలకత్తా హైకోర్టు ఆ సంవత్సరమే ఆజ్ఞాపించెను. దానిని కూల్చిన దెబ్బ ఎవరిది? గుంపులో ప్రతి చేతిలోను ఆయుధముండును గనుక ఏ చేయియు ఇది నాదని ఒప్పుకొననక్కరలేదు. స్నేహితులతో కూడి చేయు పనిలోని మాధుర్యమును, అపాయమును ఒకే చోటనున్నవి. యోనాతానుకూడ విల్లు పట్టుకొని స్నేహితుని కొరకే పొలమునకు వెళ్లెను. అతని బాణములు దేనిని చంపుటకు కాదు, దాగియున్న దావీదుకు ప్రాణాపాయమును తెలుపుటకు.

లేవీయకాండము 17వ అధ్యాయము వేటను నిషేధింపలేదు. ఇంటి పశువును బలిగా వధించినయెడల దాని రక్తము బలిపీఠమునకు చేరును, యాజకుడుండును, చూచువారుందురు. అడవిలో వేటగానికి బలిపీఠము లేదు, యాజకుడు లేడు. అందుచేత అతనికొక్కటే విధి: తినదగిన మృగమునైనను పక్షినైనను పట్టినప్పుడు దాని రక్తమును ఒలికించి మట్టితో కప్పవలెను. ఈ విధి ఇశ్రాయేలీయునికే గాక వారి మధ్య నివసించు పరదేశికిని వర్తించును. ఆ దృశ్యమును ఊహించుకొనుడి. వెంబడించిన ఉద్రేకము ఇంకను చల్లారలేదు, తోడివారు కేకలు వేయుచున్నారు. అతడు మాత్రము నేలకు వంగి రెండు చేతులతో మట్టి తీయవలెను. ప్రాణము నాది కాదని ఒప్పుకొనుటకు అతనికి మాటలతో పనిలేదు. యెహెజ్కేలు 24వ అధ్యాయములో యెరూషలేము మీద మోపబడిన నేరమును చూడుడి: అది రక్తమును మట్టిమీద గాక వట్టి బండమీద ఒలికించెను. కప్పవలెనను సిగ్గుకూడ లేకపోయెను.

సంతాలులను నిందించుటకు మనము తొందరపడరాదు. తుపాకులతో వినోదమునకు వేటాడిన రాజులు, తెల్లదొరలు మన దేశపు పులులను హరించిరి. సర్గుజా మహారాజు ఒక్కడే వెయ్యికి పైగా పులులను చంపినట్లు చెప్పుకొనెను. వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది 1972లో. అంతేకాదు, బెంగాల్–నాగపూర్ రైల్వే 1898 ప్రాంతమున ఖరగ్‌పూరును చేరినప్పటినుండి ఆ ప్రాంతపు సాలవృక్షములు పట్టాల క్రింద స్లీపర్లుగా పరుండెను. ఆ పట్టాలమీదనే మన తాతలకు అన్నము దొరికెను. మృగములకు నిలువనీడ లేకుండ చేసిన పనిలో ఏ పాలును ఎరుగమని రైల్వే క్వార్టర్సులో కూర్చుండి చెప్పుట సులభము కాదు. మన భోజనము వెనుక ఒలికిన రక్తమును కప్పుటకు మనమెన్నడైన వంగితిమా?

సంతాల్ క్రైస్తవ యువకుడొకడు, నా స్నేహితులతో సెంద్రకు పోవచ్చునా అని అడిగినయెడల, పొమ్మనియే నేను చెప్పుదును: విల్లు ఇంటిలో విడిచి, రాత్రి సభకు పొమ్మందును. పితరులు అతనికి విడిచిన సొత్తులో శ్రేష్ఠమైనది అక్కడనే యున్నది; దానిని ఏ చట్టమును నిషేధింపలేదు. అతని తోటివారిలో కొందరు నవ్వవచ్చును. వట్టి చేతులతో వచ్చినవానికి అది క్రొత్త కాదు.

హెబ్రీ పత్రిక 12వ అధ్యాయములో ఒక పూట భోజనమునకు జ్యేష్ఠత్వమును అమ్మిన వేటగాడు కనబడును. మరి కొన్ని వచనములకే హేబెలు రక్తము ప్రస్తావింపబడును. పొలములో నేల త్రాగినను అది మౌనముగా నుండలేదు. ఆ రెంటికిని తోడుగా మూడవదొకటి అక్కడ మాటలాడుచున్నది. పట్టణపు గవిని వెలుపల ఒలికిన ఆ రక్తమును తండ్రి మట్టితో కప్పనియ్యలేదు. హేబెలు రక్తము అన్నమీద ఫిర్యాదు చేసెను. ఇది మొదట విడుదల కోరినది తనను ఒలికించినవారి కొరకే.