నిశ్శబ్దం ఎవరి ఖర్చు?

మంత్రాలయంలాంటి ఊళ్లో ఇల్లు పెట్టుకుని నిశ్శబ్దం కావాలనడం న్యాయమేనా? రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన చోటు అది. భక్తులు, లాడ్జీలు, ఆటోలు, మైకులు. గురువారం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఊరు బతికేది ఆ రద్దీ మీదే. దూరం నుంచి వచ్చిన భక్తుడికి తెల్లవారుజామున వినబడే పాట ఎన్నాళ్లో ఎదురుచూసిన అనుభవం. రాత్రంతా డ్యూటీ చేసి అప్పుడే పడుకున్న మనిషికి అదే పాట రోజూ తప్పని మోత. ఇద్దరిలో ఎవరిదీ తప్పని నేననలేను.

అక్కడ మా చిన్నాన్న వాళ్లది అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు. కింద చిన్నాన్న ఉంటాడు, పైన పెదనాన్న యాత్రికులకు గదులు అద్దెకిస్తాడు. అర్ధరాత్రి పెట్టెలు లాగుతారు, మంచాలు జరుపుతారు. "నువ్వు ఇంజనీరువి గదరా, కప్పుకీ గోడలకీ శబ్దం రాకుండా చేసేవాళ్లెవరైనా ఉంటే చూడు" అన్నాడు చిన్నాన్న. కంప్యూటర్ ఇంజనీరుకి గోడల గురించి ఏం తెలుస్తుంది! దగ్గర్లో దొరికేది ఫాల్స్ సీలింగ్ వేసే మేస్త్రీలు. శబ్దం సంగతి తెలిసినవాళ్లు హైదరాబాదు, బెంగళూరుల్లో స్టూడియోలకీ సినిమా హాళ్లకీ పనిచేస్తుంటారు. అలాంటి ఒకాయనకి ఫోన్ చేస్తే ముందు అడిగింది ఇదీ: "శబ్దం గాల్లోంచి వస్తోందా, స్లాబులోంచి వస్తోందా?"

రెంటికీ మందు వేరట. గాల్లోంచి వచ్చే మాటల్నీ పాటల్నీ ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపు చేస్తే, లెక్క ప్రకారం, తగ్గేది సుమారు 6 డెసిబెల్స్. తలుపు కింద సందు వదిలేస్తే అదీ దక్కదు. స్పాంజి షీట్లు, గుడ్ల అట్టలు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయే తప్ప పక్కింటి శబ్దాన్ని ఆపవు. పాత మట్టి మిద్దెల్లో, ఆ లావాటి రాతిగోడల మధ్య నిద్ర పట్టేదంటే కారణం ఆ బరువే. మంచం జరిపిన చప్పుడు అలా కాదు, అది స్లాబునే కదిలిస్తుంది. కింద రెండో కప్పు వేలాడదీసినా గోడల వెంట దిగొస్తుంది. అసలు మందు పైన వేయాలి: నేల మీద మందపాటి మ్యాటు, మంచం కోళ్లకి రబ్బరు తొడుగులు.

నన్ను పట్టుకున్నది ఇక్కడే. శబ్దాన్ని పుట్టినచోట ఆపడం చవక, చేరినచోట ఆపడం ఖరీదు. అయినా ఖర్చు ఎప్పుడూ వినేవాడి నెత్తినే పడుతుంది. కార్లైల్ అంతటివాడు పక్కిళ్ల కోళ్ల కూతలూ పియానో మోతా పడలేక 1853లో లండన్‌లో తన ఇంటిపైన జంట గోడలతో గది కట్టించుకున్నాడు. తీరా చూస్తే ఇంట్లోకెల్లా మోత ఎక్కువున్న గది అదే అయింది.

చట్టం లేక కాదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు కూడా అదే ఏడాది ఒక చర్చి కేసులో అంది. కానీ అన్న ఇంట్లో మంచం చప్పుడు మీద ఎవరు కేసు పెడతారు?

పోనీ, శబ్దమంతా ఆగిపోతే మంచిదా అంటే అదీ కాదు. పక్కింటి ముసలావిడ పొద్దున్నే దగ్గుతుంది. ఒకరోజు ఆ దగ్గు వినబడకపోతే మా చిన్నమ్మ వెళ్లి చూసింది. ఆవిడ జ్వరంతో లేవలేక పడి ఉంది. గోడ మరీ మందమైతే ఈ కబురు అందేది కాదు. అందుకని నాకు తోచిన కొలత డెసిబెల్స్ కాదు. ఆ శబ్దం తగ్గించడానికి చేసేవాడికి ఎంత కష్టం, భరించడానికి వినేవాడికి ఎంత కష్టం అన్నదే. దగ్గుని ఆపమనలేం. రబ్బరు తొడుగులు వెయ్యమని అడగొచ్చు.

అదే చెప్పాను. చిన్నాన్న ఒప్పుకోలేదు. "అన్నకి అదే గదరా సంపాదన. యెట్ల అడిగేది?" లక్ష పెట్టి కప్పు వేయించడానికి సిద్ధమే, ఒక్క మాట అడగడానికి మాత్రం కాదు. నిపుణుణ్ణి మనం వెతికేది చాలాసార్లు ఆ ఒక్క మాట తప్పించుకోవడానికేనేమో. ఆ మర్యాద వెనక ప్రేమ ఉందని నాకూ తెలుసు. కానీ అడగనివ్వకపోతే అన్నకి తన తమ్ముడి నిద్ర గురించి ఆలోచించే అవకాశం కూడా ఇవ్వనట్టే. ఇక అడగడానికి హక్కూ, లక్ష పెట్టడానికి స్తోమతూ రెండూ లేని అద్దె ఇళ్లవాళ్ల సంగతి ఏమిటి? వాళ్ల నిద్ర పైవాళ్ల దయ మీదే ఆధారపడుతుంది.