మూలాన్వేషణ - మూల్యనిర్ణయం

నదీమూలం, ఋషిమూలం విచారించరాదని పెద్దల మాట. అయినా కంటికి కనిపించే రూపాన్ని బట్టి దాని వెనుక ఉన్న వంశాన్ని ఊహించాలనుకోవడం మానవ స్వభావం. సంకరజాతి బాంటమ్ కోడి విషయంలో ఈ కుతూహలం కేవలం వినోదంగానే తోస్తుంది. జావా ద్వీపంలోని బాంటెన్ రేవు పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ పొట్టికోళ్లు ఎన్నో దేశాలలో ఎన్నో జాతులతో కలిశాయి. పాదాల మీద ఈకలుంటే కొచ్చిన్ అంశ అనీ, అయిదో వేలుంటే సిల్కీ అంశ అనీ పెంపకందారులు అంచనా వేస్తారు. కాని పాదాల మీద ఈకలు సిల్కీకి కూడా ఉంటాయి. అయిదో వేలు ఇంగ్లండుకు చెందిన డార్కింగ్ జాతికీ ఉంటుంది. ఏ లక్షణమైనా ఒక సాక్ష్యమే కాని తీర్పు కాజాలదు.

ఆ సాక్ష్యానికి గల పరిమితులను శాస్త్ర చరిత్రే తెలుపుతున్నది. నల్లని స్పానిష్ పుంజుకూ తెల్లని సిల్కీ పెట్టకూ పుట్టిన ఒక పుంజు తల్లిదండ్రులను కాక ఎర్ర అడవికోడిని పోలి ఉన్నదని చార్లెస్ డార్విన్ 1868 నాటి గ్రంథంలో వివరించాడు. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో విలియం బేట్సన్, అతని సహచరులు కోళ్ల తురాయిలను పరిశీలించారు. గులాబీ ఆకారపు తురాయి గల కోడినీ, బఠానీ ఆకారపు తురాయి గల కోడినీ జతపరిస్తే పిల్లలకు ఆ రెండూ కాని అక్రోటు ఆకారపు తురాయి వచ్చింది. ఆ పిల్లలను తమలో తాము జతపరిస్తే పదహారింట ఒకదానికి మామూలు ఒంటి తురాయి మొలిచింది. అంటే రూపం వంశాన్ని వెల్లడించినంతగానే దాచిపెడుతుంది. పెంపుడు కోళ్లన్నింటికీ ఎర్ర అడవికోడి ఒక్కటే మూలమని డార్విన్ భావించాడు. అయితే పసుపుపచ్చ కాళ్లకు కారణమైన జన్యువు దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి నుంచి సంక్రమించిందని 2008లో తేలింది.

ఇక శుద్ధజాతి అనే మాటను పరిశీలిద్దాం. పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో సర్ జాన్ సెబ్రైట్ వేర్వేరు కోళ్లను ఏళ్ల తరబడి కలిపి, అంచు దిద్దిన ఈకలు గల ఒక బాంటమ్‌ను రూపొందించాడు. అతని పేరుతోనే పిలిచే ఆ జాతి నేడు ప్రదర్శనలలో శుద్ధమైనదిగా గౌరవం పొందుతున్నది. శుద్ధత అన్నది ప్రకృతి చేసిన విభజన కాదు. ఒకానొక కాలంలో సంకరాన్ని ఆపి, ఆపై మనుషులు కాపాడుకుంటూ వచ్చిన ఏర్పాటు. కోస్తా ఆంధ్ర పల్లెలలో పుంజులను కాకి, డేగ, నెమలి అని ఈకల రంగును బట్టి పిలుస్తారు. ఆ పేర్లు కంటికి కనిపించినదాన్నే చెబుతాయి. వంశాన్ని గురించి ఏ హామీ ఇవ్వవు. కాని ఆ రంగును బట్టే ఏ రోజు ఏ పుంజు గెలుస్తుందో నిర్ణయించే కుక్కుట శాస్త్రం మళ్లీ రూపానికి దాని శక్తికి మించిన భారం మోపుతుంది.

కోడి విషయంలో అంచనా తప్పితే నష్టం స్వల్పం. మనిషి విషయంలో అలా కాదు. 1901 జనాభా లెక్కలకు కమిషనరుగా వ్యవహరించిన హెర్బర్ట్ రిస్లీ ముక్కు కొలతలకూ కులాల హోదాకూ సంబంధం ఉన్నదని ప్రతిపాదించాడు. రూపం నుంచి వంశానికీ, వంశం నుంచి యోగ్యతకూ దాటిన ఆ వాదం పాలనా పత్రాలలో శాస్త్రంగా చెలామణి అయింది. మొదటి మెట్టు సందేహాస్పదం, రెండవది అన్యాయం.

అలాగని పుట్టుకను గురించి అసలు విచారించనే కూడదనడం కూడా సరికాదు. జాతి, కులం, జన్మస్థలం ఆధారంగా వివక్ష చూపరాదని శాసించిన రాజ్యాంగంలోని 15వ అధికరణమే, 1951లో జరిగిన సవరణ ద్వారా, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక సదుపాయాలు కల్పించడానికి వీలు కల్పించింది. అక్కడ పుట్టుకను అడగడం మనిషి విలువను తూచడానికి కాదు. పుట్టుక పేరిట జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికి. కనుక ప్రశ్న కంటె దాని ప్రయోజనమే ముఖ్యం. మూలాన్ని వెదకడం చరిత్రకారుని హక్కు, జీవశాస్త్రజ్ఞుని వృత్తి. దొరికిన మూలంతో ప్రాణి విలువను నిర్ణయించే అధికారం మాత్రం వారిద్దరిలో ఎవరికీ లేదు; దస్త్రం ముందు కూర్చున్న అధికారికి అంతకంటె లేదు.